నూరు రూపాయల స్టాంపు పేపరు విడాకులు, ఒంగోలులో ఫ్రీ లాయరు: మా ఇంటి రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది బిర్యానీ సెంటర్ రివ్యూ అంత సరదాగా ఉండదు. మా ఇంట్లో ఒక విడాకుల వ్యవహారం కోసం మూడు గడపలు ఎక్కాం, మూడింటికీ స్టార్లు ఇస్తా. తెగతెంపుల కాగితం రాసిన రైటరుకి ఒక్క స్టారు, అదీ చేతిరాత ముత్యాల్లా ఉందని. ఒంగోలులో మొదట కలిసిన ప్రైవేటు లాయరుకి రెండు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఐదుకి ఐదు. మొదటి ఇద్దరి పేర్లు రాయను, అలాంటి వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు కాబట్టి రాసినా మీకు ఒరిగేదేమీ లేదు.

మాది సింగరాయకొండ పక్కన పల్లె, నేను మెడికల్ షాపులో పనిచేస్తా. మా చెల్లిని 2015లో కొండపి వైపు పొగాకు పండించే ఇంటికి ఇచ్చాం. ఎనిమిది లక్షలు, పన్నెండు సవర్ల బంగారం. (కట్నం ఇచ్చామని ఇట్టా బాహాటంగా రాస్తావేందే అని మా ఆయన గొణుగుతున్నాడు, ఆ సంగతికి తర్వాత వస్తా.) నాలుగేళ్లకే బెడిసింది. తాగుడు, కొట్టడాలు లాంటివి లేవు, ఇద్దరికీ మాట కుదరలేదు, అత్తగారికీ దీనికీ అసలే పడలేదు. 2019 సంక్రాంతికి పుట్టింటికి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. అప్పటికి పాపకి రెండేళ్లు.

2020 చివర్లో పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ల పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టు) పక్కన వేపచెట్టు కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నులక మంచం. పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం భోజనాల వేళకి తేల్చేశారు: వాళ్లు మూడు లక్షలు తిరిగి ఇస్తారు, బంగారం సంగతి ఎత్తకూడదు, పాప తల్లి దగ్గరే ఉంటుంది, పాప ఖర్చులు తల్లే చూసుకోవాలి. రైటరు నూరు రూపాయల స్టాంపు పేపరు మీద రాశాడు. "ఇకమీదట మా ఇరువురి మధ్య భార్యాభర్తల సంబంధము లేదనియు, ఎవరి ఇష్టానుసారము వారు మారు మనువు చేసుకొనవచ్చుననియు..." అని. కింద ఆరుగురు సాక్షులు, ఒంగోలు తీసుకెళ్లి నోటరీ ముద్ర. రైటరుకి పదిహేను వందలు. మా అమ్మ ఆ కాగితాన్ని చీరల షాపు కవర్లో పెట్టి బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. విడాకులు అయిపోయాయి అనుకున్నాం. నేను కూడా అనుకున్నా, డిగ్రీ చదివిన దాన్ని, సిగ్గు లేకుండా చెప్తున్నా.

నాలుగేళ్లు ఎవరూ అడగలేదు కాబట్టి మాకు తెలియలేదు. 2024 కార్తీకంలో కావలి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి భార్య పోయింది, ఒక కొడుకు, మంచి కుటుంబం. పాపతో సహా చేసుకుంటాం అన్నారు. అంతా కుదిరింది అనుకునే లోపల అబ్బాయి వాళ్ల అక్క, బ్యాంకులో పనిచేస్తుందట, నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అడిగింది: "ఏమనుకోవాకండి అక్కా, కోర్టు డిక్రీ కాపీ ఒకటి చూపిస్తారా?" డిక్రీ అంటే విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే తీర్పు కాగితం. మేం చీరల కవర్లోంచి స్టాంపు పేపరు తీసి గర్వంగా చేతికిచ్చాం. ఆమె చదివింది, మడిచింది, తిరిగి ఇచ్చేసింది. "ఇది చెల్లదేమో అక్కా, ఒకసారి అడిగి చూడండి" అంది. ఆ రోజు ఆమె అలా అడిగినందుకు మా అమ్మకి ఒళ్లు మండింది, ఇప్పుడైతే ఆమెకి దండం పెడుతుంది.

రెండో గడప, ప్రైవేటు లాయరు. మా బాబాయికి తెలిసినాయన. ఆఫీసు నిండా జనం, గంటన్నర కూర్చోబెట్టారు, లోపలికి పిలిచాక పది నిమిషాలు. స్టాంపు పేపరు వైపు చూడను కూడా చూడలేదు. "అరవై వేలు అవుతుంది, సగం ఇప్పుడు కట్టండి. ముందు వాళ్ల మీద వేధింపుల కేసు, గృహహింస కేసు పెడదాం, నలుగురి పేర్లూ రాద్దాం, వాళ్లే కాళ్ల బేరానికి వస్తారు" అన్నాడు. మా చెల్లి "కొట్టలేదు సార్" అంది. "నువ్వు చెప్పకమ్మా, నేను రాస్తా" అన్నాడు. మా బాబాయికి ఈ మాట తెగ నచ్చింది. నాకు మాత్రం కడుపులో తిప్పింది. జరగనిది జరిగిందని రాస్తే రేపు బోనెక్కి చెప్పాల్సింది మా చెల్లే కదా. రెండు స్టార్లు ఎందుకిచ్చానంటే, స్టాంపు పేపరు విడాకులు విడాకులు కావు అని ఆయన కూడా చెప్పాడు, పోయేటప్పుడు మంచినీళ్లు ఇచ్చారు.

ఇక అసలు రివ్యూ. మా ఊరి అంగన్‌వాడీ టీచరుకి ఈ ఆఫీసు సంగతి తెలుసు. "15100కి ఫోన్ చేసి అడుగు, లేదంటే నేరుగా ఒంగోలు కోర్టుకి పో, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఫ్రీగా లాయరుని పెడతారు" అంది. నేను నమ్మలేదు. ఫ్రీ అంటే నాకు రేషన్ బియ్యం గుర్తొస్తుంది, తీసుకుంటాం కానీ వండుకునే ముందు రెండుసార్లు చూస్తాం. కానీ ఆమె చెప్పింది నిజమే. 1987 నాటి న్యాయ సేవాధికారాల చట్టంలోనే ఉంది ఇది: ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లకి ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సాయం అడిగే హక్కు ఉంది. మిగతా వాళ్లలో చాలామందికి మాత్రం ఆదాయ పరిమితి చూస్తారు. అంటే మా చెల్లి టీచరు ఉద్యోగం చేస్తున్నా, లేకపోయినా, దీనికి అర్హురాలే.

సోమవారం పొద్దున పల్లెవెలుగు ఎక్కి వెళ్లాం (అప్పటికి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు ఇంకా రాలేదు, టికెట్టు కొనుక్కునే పోయాం). అమ్మ, చెల్లి, నేను, ఇంట్లో వదిలే దిక్కులేక పాప. ముందు గదిలో ఒక టేబులు దగ్గర వాలంటీరు అమ్మాయి, పక్కన డ్యూటీలో ఒక లాయరమ్మ, యాభై దాటి ఉంటాయి, కళ్లద్దాలు మెడలో వేలాడుతున్నాయి. ఆధార్ జిరాక్సు, పెళ్లి ఫోటో, పెళ్లి కార్డు, ఒక దరఖాస్తు, అంతే. ఆదాయం సర్టిఫికెట్టు తెచ్చుకున్నాం కానీ అక్కర్లేదన్నారు. దాని కోసం సచివాలయం చుట్టూ నాలుగు రోజులు తిరిగా మరి.

లాయరమ్మ స్టాంపు పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చదివింది, సాక్షుల సంతకాలతో సహా. నాకు అదే నచ్చింది, మా దగ్గర ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని ఒక లాయరు పూర్తిగా చదవడం అదే మొదటిసారి. చదివి అమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మీ కులంలో ఇట్టా పెద్దల ముందు విడిపోయి మారు మనువు చేసుకునే ఆచారం తాతల నాటి నుంచి ఉందా?" అని అడిగింది. అమ్మ "అట్టాంటిదేం లేదు తల్లీ, ఈ మధ్యనే అందరూ ఇట్టా చేస్తున్నారు" అంది. అయితే ఇది పనికిరాదు అని తేల్చేసింది. హిందూ వివాహ చట్టంలో ఆచారం ప్రకారం జరిగే విడాకులకి ఒక మినహాయింపు ఉందట, కానీ ఆ ఆచారం ఎప్పటి నుంచో ఎడతెగకుండా ఉందని కోర్టులో నిరూపించాలి. లేకపోతే నోటరీ ముద్ర వేసినా, కలెక్టరు సాక్షి సంతకం పెట్టినా, ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. డిక్రీ లేకుండా చెల్లికి కావలి సంబంధం చేసి ఉంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. అమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ముహూర్తం వెతుక్కున్నాం మేము.

తర్వాత మా చెల్లిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడింది. నన్ను, అమ్మని బయటికి పంపేసింది. అమ్మకి నచ్చలేదు కానీ నాకు అది సరైన పనే అనిపించింది, ఎందుకంటే ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ ఒక్కదాన్నే అడగలేదు, నీకేం కావాలి అని. బయటికి వచ్చాక చెల్లి చెప్పింది, "అక్కా, ఆమె మొదట అడిగింది నన్ను ఎవరన్నా కొట్టారా, బెదిరించారా, ఇంట్లో ఉండటానికి భయమేమన్నా ఉందా అని." అలాంటిది ఉంటే దారి వేరట. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి దగ్గరికి గానీ నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి గానీ వెళ్లొచ్చు, మెట్టినింట్లో ఉండే హక్కు అడగొచ్చు, రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. రాత్రిపూట ప్రమాదం అనిపిస్తే మహిళల హెల్ప్‌లైను 181, పోలీసు కావాలంటే 112. వేధింపుల కేసు, అదే 498ఏ, ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అయింది. నిజంగా వేధింపు ఉన్నవాళ్లకి అది పెద్ద అండ. కానీ 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కేసు పెట్టగానే చూడకుండా అరెస్టు చేయకూడదని. కాబట్టి "కేసు పెడితే రేపే వాళ్లని లోపలేస్తారు" అని ఎవరన్నా ఆశ చూపిస్తే నమ్మొద్దు.

మా సంగతికి వస్తే, ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో విడాకులు, హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షను. ఏడాదికి పైగా విడిగా ఉండాలి, కలిసి బతకలేమని ఇద్దరూ చెప్పాలి. మొదటి పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా రెండోసారి వచ్చి అదే మాట చెప్పాలి. ఆరు నెలలా అని నేను నోరు తెరిచా. కావలి వాళ్లు ఆగుతారో లేదో. లాయరమ్మ నవ్వి, 2017లో సుప్రీంకోర్టు ఆ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని చెప్పింది, చాలా కాలంగా విడిగా ఉంటూ, కలిపే ప్రయత్నాలు అయిపోయి, పిల్లల సంగతి, డబ్బు సంగతి తేలిపోయి ఉంటే మినహాయించమని అడగొచ్చు, కాకపోతే ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం అని చెప్పింది. ఇంకో మాట, కొండపి వైపు కోర్టులో వేయాలేమో అని మేం భయపడ్డాం. భార్య ఇప్పుడు ఎక్కడ ఉంటుందో అక్కడి కోర్టులో కూడా వేసుకోవచ్చట.

పాప సంగతి దగ్గర నాకు కళ్లు తెరుచుకున్నాయి. స్టాంపు పేపర్లో "పాప ఖర్చులు తల్లే చూసుకోవాలి" అని ఉందిగా, మేం అది రాతి మీద రాత అనుకున్నాం. లాయరమ్మ ఆ లైను మీద వేలు పెట్టి, "ఈ సంతకం ఎవరు పెట్టారు? మీ చెల్లెలు. పోషణ హక్కు ఎవరిది? పాపది. పాప హక్కు వదులుకుంటానని తల్లి ఎట్టా సంతకం పెడుతుంది?" అంది. అప్పుడే పాప వచ్చి ఆమె కళ్లద్దాల తాడు పట్టుకుని లాగుతోంది, ఆమె లాగనిచ్చింది. తండ్రి సరిగా పట్టించుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 144వ సెక్షను కింద, అంటే పాత సీఆర్‌పీసీ 125, పాప పేరు మీద నెలనెలా భరణం అడగొచ్చు. 2020లో సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క కడతారు, ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రం మీద చూపించాలి. "రైతుకి నెల జీతం ఏముంటది మేడం" అన్నా నేను. ఆమె అడిగిన ప్రశ్న: "బ్యారన్ లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది?" అతని పేరు మీదే. పొగాకు బోర్డు వేలం కేంద్రంలో ఎన్ని బేళ్లు అమ్ముడయ్యాయో, ఎంత జమ అయిందో అన్నీ రికార్డే కదా. కొండపిలో వేలం కేంద్రం ఉందని తెలిసిన లాయరు దొరకడం అదృష్టం, హైదరాబాదు లాయరయితే జీతం స్లిప్పు అడిగేవాడు.

బంగారం గురించి, అది స్త్రీధనం, ఎప్పటికీ ఆమెదే, వాళ్ల దగ్గర ఉన్నంత మాత్రాన వాళ్లది కాదు అని చెప్పింది. కట్నం ఎనిమిది లక్షలు అనగానే ఒక క్షణం పెన్ను ఆపి అమ్మని చూసింది. 1961 చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు ఇవ్వడం కూడా నేరమే తల్లీ అంది. అమ్మ మొహం మాడిపోయింది. అయితే బాధపడ్డ అమ్మాయి ఇచ్చే వాంగ్మూలం మీద ఆ అమ్మాయినే పట్టుకోరు, తీసుకున్న కట్నం ఆ అమ్మాయికే చేరాలని కూడా అదే చట్టంలో ఉందని చెప్పాక కాస్త ఊపిరి పీల్చుకుంది. మా ఆయన గొణుగుడికి ఇదే నా జవాబు.

కేసు వేయకముందే అవతలి వాళ్లకి కబురు పంపి రాజీ కోసం పిలిచారు. నేను రారనుకున్నా. వచ్చారు, అతనూ, వాళ్ల అన్నా. అతనికీ సంబంధాలు చూస్తున్నారట, వాళ్లకీ ఎవరో డిక్రీ అడిగారట! ఇద్దరం ఒకే గోతిలో ఉన్నామని తెలిశాక సగం పని అయిపోయింది. రెండు సార్లు కూర్చున్నారు. మొదటిసారి వాళ్లన్న గొంతు లేపాడు, స్టాంపు పేపర్లో లేనివి ఇప్పుడు అడుగుతున్నారేంది అని. లాయరమ్మ గొంతు పెంచకుండా "ఆ కాగితం ప్రకారమే పోదాం అంటే మీ తమ్ముడికి ఇంకా పెళ్లయ్యే ఉంది, సరేనా?" అంది. అతను కుర్చీలో సర్దుకున్నాడు. చివరికి ఎనిమిది సవర్లు వెనక్కి, పాప పేరు మీద నాలుగు లక్షల డిపాజిట్టు, నెలకి ఐదు వేలు, నెలలో రెండో ఆదివారం పాపని తండ్రి చూసి రావడం. మా బాబాయి ఇంకా గుంజి ఉండాల్సింది అంటాడు, ఆయన ఎప్పుడూ అంతే.

ఒక అనుమానం చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది, రాజీ కుదిరింది కదా లోక్ అదాలత్‌లోనే (రాజీతో తగాదాలు తేల్చే చోటు) విడాకులు ఇచ్చేయొచ్చుగా అని. ఇవ్వరు. భరణం, డబ్బు, సామాను లాంటి తగాదాలు లోక్ అదాలత్‌లో తేలిపోతాయి, అక్కడ అవార్డు అయ్యాక దాని మీద అప్పీలు ఉండదు, కోర్టులో కట్టిన ఫీజు కూడా తిరిగి వస్తుంది. పెళ్లి రద్దు చేసే డిక్రీ మాత్రం కోర్టే ఇవ్వాలి. 2025 జనవరిలో పిటిషన్ వేశాం, ఆరు నెలల మినహాయింపు కోసం ఇంకో పిటిషన్, ఆరేళ్లుగా విడిగా ఉంటున్నారని చూపించాం. ఏప్రిల్‌లో డిక్రీ వచ్చింది. జడ్జిగారు చెల్లిని అడిగింది రెండే ప్రశ్నలు, ఎవరి బలవంతమైనా ఉందా, ఆలోచించుకున్నావా. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోని మనిషి "లేదండి, ఆలోచించుకున్నానండి" అని చెప్పి బయటికొచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది, ఎందుకో దానికే తెలియదు. ఇద్దరి అంగీకారంతో వచ్చిన డిక్రీ కాబట్టి దీని మీద అప్పీలు ఉండదు, నాలుగు నెలలు ఆగండి ఆరు నెలలు ఆగండి అనే గొడవ కూడా లేదు.

ఖర్చు అడుగుతారు కదా. లాయరు ఫీజు సున్నా. కోర్టు ఫీజు, టైపింగు, అన్నీ వాళ్లే. మొదటి రోజే వాలంటీరు అమ్మాయి చెప్పింది, ఈ కేసు పేరు చెప్పి ఎవరు రూపాయి అడిగినా వచ్చి మాకు చెప్పండి అని. మాకైంది బస్సు చార్జీలు, జిరాక్సులు, కోర్టు బయట టీలు, ఇడ్లీలు. లెక్క రాశా, పద్నాలుగు వందల చిల్లర. స్టాంపు పేపరు కంటే తక్కువ.

గంటలో పని అవ్వాలనుకునే వాళ్లకి మాత్రం ఇది పడదు. మేం పదకొండు సార్లు తిరిగాం. ఫోన్లో పనులు చేయించుకోవాలి, ఏసీ గదిలో కాఫీ ఇవ్వాలి అంటే లాయర్‌పేటలో మంచి ప్రైవేటు లాయర్లకి కొదవలేదు, స్తోమత ఉంటే వాళ్ల దగ్గరికే వెళ్లండి. ఎవరి దగ్గరికి వెళ్లినా మీ కాగితం చదివారా లేదా చూడండి, చదవకుండా ఫీజు చెప్పారంటే లేచి వచ్చేయండి.

మేం తిరిగినన్ని రోజులూ ఆ బెంచీ మీద కూర్చుని పక్కవాళ్ల కథలు కూడా విన్నా. టంగుటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన, కోర్టు సమన్లు వస్తే పోస్ట్‌మ్యాన్‌ని తిప్పి పంపేశాడట, తీసుకోకపోతే కేసు ఉండదని ఎవరో చెప్పారట. కేసు ఎక్స్‌పార్టీ అయిపోయింది, ఆయన వైపు మాట ఎవరూ వినకుండానే తీర్పు. ఇప్పుడు దాన్ని తీయించుకోవడానికి తిరుగుతున్నాడు. ఇంకో పెద్దావిడ ఇల్లు కొడుక్కి గిఫ్టు సెటిల్మెంట్ రాసిచ్చేసింది, కోడలు వంటగదిలోకి రానివ్వడం లేదు. ఆవిడకి చెప్పింది నేనూ విన్నా: దీనికి కోర్టు కాదు, ఆర్డీవో ఆఫీసు. 2007 నాటి పెద్దల పోషణ చట్టం కింద అక్కడే దరఖాస్తు, నెలకి పది వేల దాకా ఇప్పించొచ్చు, లాయరు కూడా అక్కర్లేదు. ఇల్లు వెనక్కి రావాలంటే మాత్రం నన్ను చూసుకోవాలి అనే షరతు మీద రాశారా లేదా అన్నది చూస్తారట. ఆవిడ పత్రంలో ఆ షరతు లేదు. ఇంటికి రాగానే మా అత్తకి ఫోన్ చేసి చెప్పా, ఆమె కూడా సరిగ్గా అదే పని చేయబోతోంది.

నా సొంత ప్రశ్న కూడా ఒకటి అడిగేశా, ఫ్రీయే కదా అని. నాన్న పోయాక తమ్ముడు ఒక హక్కు విడుదల పత్రం మీద మా అక్కచెల్లెళ్ల సంతకాలు అడుగుతున్నాడు, ఊరికే లాంఛనం అక్కా అంటున్నాడు. లాంఛనం కాదు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచే, పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానం, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నాన్న సొంతంగా సంపాదించింది అయితే ఆయన ఇష్టమొచ్చినట్టు వీలునామా రాసుకోవచ్చు, అది వేరు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ పత్రం మీద సంతకం పెట్టామంటే వాటా వదిలేసినట్టే. నేను వదులుతానో లేదో ఇంకా అనుకోలేదు, తమ్ముడు మంచోడే. కానీ చదవకుండా అయితే పెట్టను, ఒక స్టాంపు పేపరు చాలు ఈ జన్మకి.

వెళ్లేవాళ్లు పెళ్లి కార్డు, ఇద్దరూ ఉన్న పెళ్లి ఫోటో, ఆధార్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్టు, పంచాయితీలో రాసుకున్న కాగితం ఏదున్నా సరే, అన్నీ రెండేసి జిరాక్సులు తీసుకెళ్లండి. తేదీలు ముందే ఒక చిట్టీ మీద రాసుకోండి, ఎప్పుడు పెళ్లి, ఎప్పుడు విడిగా వచ్చేశారు అని. మా అమ్మ ప్రతి తేదీనీ "ఆ ఏడు మిరపకాయలు ఎండబెట్టినప్పుడు" అని చెప్తుంటే లాయరమ్మ ఓపికగా క్యాలెండరు వెతికింది.

కావలి వాళ్లు ఆగారు. శ్రావణంలో పెళ్లి అయింది, గుళ్లో, పాతిక మందితో. సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్ట్రేషన్ కూడా చేయించాం, ఈసారి వాళ్ల అక్క అడక్కముందే. డిక్రీ సర్టిఫైడ్ కాపీ ఇప్పుడు ఆ చీరల షాపు కవర్లోనే ఉంది, పట్టుచీరల మధ్య. స్టాంపు పేపరు కూడా అందులోనే ఉంది. అది దేనికీ పనికిరాదు పారేయవే అంటే మా అమ్మ ఒప్పుకోదు. "పదిహేను వందలు పోసి రాయించాం, ఆ రాత చూడు ఎంత బాగుందో" అంటుంది.